జూన్ వానలో జైతూన్ ఏరిన ఊరు

పత్రిక చదివే అందరికీ నమస్కారం. నా చేతిరాత బాగుండదు. ఒత్తులు, దీర్ఘాలు తప్పులు పడతాయి. నేను చదివింది మా ఊరి బడిలో నాలుగో తరగతి దాకా, అదీ నిజాం కాలంలో, ఉర్దూలో. తెలుగు అక్షరాలు తర్వాత పాత పేపర్లు చూసి సొంతంగా నేర్చుకున్నవి. టైపు చేసేవారు దయచేసి సరిచేసుకోవాలి. చెయ్యకపోయినా విషయం అర్థమైతే చాలు.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా పక్కింటి ఆయన పోయాడు. ఆయన కూతురు వచ్చి కంచె దగ్గర నిలబడింది. ఆ అమ్మాయిది ఆసుపత్రిలో నర్సు పని. డ్యూటీ బట్టలు కూడా మార్చుకోలేదు. "అంకుల్, డాడ్ ఈజ్ గాన్," అన్నది. నాకు ఇంగ్లీషు తక్కువ. గాన్ అంటే ఎటు పోయాడని అడగబోయాను. పొద్దున్నే రొట్టె తేవడానికి దుకాణానికి పోవడం ఆయన అలవాటు. ఆ పిల్ల మొహం చూశాక అడగలేదు. చేతిలో నీళ్ళ పైపు అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. మెంతికూర మడి నిండి నీళ్ళు దారి మీదికి పారాయి.

నేను నలుగురిలో మాట్లాడేవాడిని కాను. మన సంఘం మీటింగుల్లో వెనక వరసలో కూర్చుని భోజనం చేసి వచ్చేస్తాను, మీకు తెలుసు. కానీ ఆయన గురించి చెప్పాల్సినవాడిని నేనే. ఆయన ఊరి గురించి కూడా. ఆ రెండూ వేరు వేరుగా చెప్పడానికి కుదరదు.

కేరమ్ డౌన్స్ గుడికి పోతూ మా ఇంట్లో ఆగినవాళ్ళు ఆయన్ని చూసే ఉంటారు. తెల్ల మీసం, ఎండాకాలం కూడా ఊలు టోపీ, కంచె మీద రెండు మోచేతులు పెట్టుకుని నిలబడే మనిషి. ఆయనది పాలస్తీనా. కార్ల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి తలుపులు బిగించి రిటైరయ్యాడు. భార్య లేదు. కూతురితో ఉండేవాడు. వయసులో నాకన్నా నాలుగైదేళ్ళు చిన్న. నేను భాయి సాబ్ అని పిలిచేవాడిని. ఆయన నన్ను 'యా అఖీ' అనేవాడు. ఓ తమ్ముడా, ఓ అన్నా, రెంటికీ అదే మాటట.

మా అబ్బాయి వై-టు-కె పని మీద ఈ దేశం వచ్చాడు. కొన్నాళ్ళకు మా ఇద్దరినీ పిలిపించుకున్నాడు. వచ్చిన కొత్తలో నాకు వీధిలో ఎవరితోనూ మాట లేదు. ఒకరోజు పెరట్లో బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని కలుపు తీస్తున్నాను. పక్కింటి ఆయన చూసి చూసి, లోపలికి పోయి ఒక కుర్చీ తెచ్చి కంచె మీదుగా దించాడు.

"కుర్సీ," అన్నాడు.

"కుర్సీ!" అన్నాను నేను. మా ఊళ్ళో అదే మాట.

ఆయన నన్ను అటూ ఇటూ చూశాడు. వీధి చివర కొట్టు వైపు చెయ్యి చూపించాడు. "దుక్కాన్?"

"దుకాణం."

రెండు చేతులూ రుద్దుకున్నాడు. "సాబూన్?"

"సబ్బు. మా అమ్మ సాబూన్ అనే అనేది."

అట్లా ఒకటి ఆయన, ఒకటి నేను. తారీఖు, హక్కు, ఖబరు, అత్తరు. మా ఇంటామె తలుపు తెరిచి నిలబడి, "ఏందయ్యా, వచ్చిన కాన్నుంచి నోరు తెరవనోనివి. ఇయ్యాల ఏం బేరం జేస్తున్నవు? మేకను గిట్ల కొంటున్నవా?" అన్నది.

తర్వాత ఒకసారి ఆయనే అన్నాడు. "నా ఇంగ్లీషు ఫ్యాక్టరీది. నీ ఇంగ్లీషు టీవీది. రెండూ కుంటియే. నడుమ కుర్సీ ఉన్నది కద, కూసుందాం." ఆయన ఇంగ్లీషు ముక్కలు, అరబ్బీ ముక్కలు, చేతి సైగలు కలిపి చెప్పేవాడు. నాకు అర్థమైనట్టుగా మా మాటల్లో రాస్తున్నాను.

ఆయన అలవాట్లు కొన్ని చెప్తాను. రొట్టెను కత్తితో కోసేవాడు కాదు, తుంచేవాడు. ముక్క కింద పడితే తీసి పెదవులకు తాకించి, పిట్టల కోసం కంచె మీద పెట్టేవాడు. ఇంటికి వచ్చినవాళ్ళను కాఫీ అయ్యేదాకా ఏం పని మీద వచ్చారని అడిగేవాడు కాదు. కూరగాయలు కడిగిన నీళ్ళు సింకులో పోయనిచ్చేవాడు కాదు. గిన్నెలో పట్టి పెరట్లో ఉన్న ఒక్క జైతూన్ చెట్టుకు పోసేవాడు. జైతూన్ అంటే మీరు ఆలివ్ అంటారు. మా చిన్నప్పుడు హకీము దగ్గర జైతూన్ నూనె ఉండేది గాని, చెట్టు నేను చూసింది ఇక్కడే. "పారబోసిన నీళ్ళకు యజమాని లేడు, పోసిన నీళ్ళకు ఉన్నడు," అనేవాడు.

మా ఇంటామె ఒకసారి జొన్న రొట్టె చేసి పంపింది. ఆయన తినకముందే వాసన చూశాడు. "ధురా!" అని గట్టిగా అరిచాడు. వాళ్ళ ఊళ్ళో కూడా జొన్న వేసేవారట. వాళ్ళ నానమ్మ కాల్చేదట. ఆ రోజు నుంచి మా ఇంటామెకు ఆయన సొంత మరిది.

ఇక ఆయన ఊరి సంగతి. అది మొదలైంది కంప్యూటర్ల వల్ల.

రెండు వేల సంవత్సరం వచ్చే ముందు, డిసెంబరు సెలవుల్లో మధ్యాహ్నం పూట మా పెరట్లో మావాడు బార్బీ పెట్టాడు, అంటే ఆరుబయట నిప్పుల మీద మాంసం కాల్చి తినడం. పక్కింటి ఆయనా, కూతురూ వచ్చారు. మావాడు వాళ్ళకు తన పని ఏమిటో చెప్తున్నాడు. పాత కంప్యూటర్లలో సంవత్సరానికి రెండే అంకెలు ఉంటాయట. రెండు వేలు రాగానే రెండు సున్నాలు పడతాయి. కంప్యూటరు అది పందొమ్మిది వందల సంవత్సరం అనుకుంటుందట.

"అంటే వందేండ్లు ఎనకకు పోతదా?" అని పక్కింటి ఆయన అడిగాడు.

"అవును అంకుల్. అది పోకుండ ఆపుడే మా పని."

"ఎందుకు ఆపుతవు? పోనియ్యి. అప్పుడు మా ఊరు ఉన్నది."

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. కూతురు మాత్రం నవ్వలేదు. మావాడు కూడా కాసేపటికి నవ్వు ఆపి, "మీ ఊరు ఇప్పుడు లేదా అంకుల్?" అని అడిగాడు. ఆయన చెప్పాడు. ఊరు లేదు. ఇళ్ళు లేవు. మ్యాపులో పేరు లేదు. వాళ్ళమ్మ పోయింది, అన్న పోయాడు.

"ఇప్పుడు నేను మా ఊరు గిట్ల ఉండె అని చెప్తే, అవునన్నోడు లేడు. కాదన్నోడు లేడు. ఒక్కడన్న దొరకాలె. నన్ను ఆ ఊరి పిల్లగానిగ ఎరిగినోడు. ఒక్కడు చాలు. గంతే నా కోరిక."

కొత్త సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు, వెనక్కి పోలేదు. మావాడి బ్యాంకు పని సగానికి సగం తగ్గింది. "నాయినా, ఇగ అందరు ఇంటర్నెట్ పేజీలు చేసుడు నేర్చుకుంటున్నరు. నేను గూడ నేర్చుకోవాలె. అంకుల్ ఊరి పేజీ చేస్త. ప్రపంచంల ఎక్కడున్నా చూడొచ్చు. ఒక్కడు దొరకకపోతడా?" అన్నాడు.

పేజీకి ఊరి పటం కావాలన్నాడు. కాగితం మీద గీయడం ఆయనకు రాలేదు. నాకూ రాదు. మా పెరట్లో ఉల్లి పీకిన మడి ఒకటి ఖాళీగా ఉంది. దాంట్లో దిగి చేత్తో మట్టి ఎగదోసి గుట్ట చేశాడు. నేను నీళ్ళు చల్లాను. ఇటుక ముక్కలు ఇళ్ళు. గవ్వలు బావులు. మా ఇంటామె కిటికీలోంచి, "ముసలోళ్ళు మట్టిల ఆడుకుంటున్నరు. సాయంత్రం ఎవరు కడుగుతరు మీ కాళ్ళు?" అని ఒకటే నవ్వు.

ముందుగా ఆయన పుల్లతో మట్టిలో ఊరి పేరు రాశాడు. నేను వంగి చూసి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. ఐన్, యే, నూన్. జోయ్, రే, యే, ఫే, హే. "ఐన్ జరీఫా," అన్నాను.

ఆయన పుల్ల పారేసి మట్టిలోనే కూర్చున్నాడు. ఈ దేశం వచ్చాక ఆ పేరు తను రాయగా ఇంకొకరు చదవడం ఆయన చూడలేదట. సొంత కూతురికి కూడా ఆ అక్షరాలు రావు.

"నువ్వు చదువుతవా?"

"నాలుగో తరగతి," అన్నాను.

ఐన్ మాకు ఒక అక్షరం. వాళ్ళకు కన్ను అనీ అర్థం, ఊట అనీ అర్థం. చక్కనమ్మ ఊట అని ఆ ఊరి పేరు. ఊరు గుట్ట నడుమున ఉంది. సాయంత్రం గాలి తేటగా ఉంటే దూరంగా సముద్రం ఒక గీతలాగా కనిపించేదట. ఊరి కింద రాతిలోంచి ఊట. ఊట కింద తొట్టి, తొట్టి కింద కాలువ, కాలువ కింద అంజూర, దానిమ్మ, కూరగాయలు. గుట్ట పొడుగునా రాళ్ళతో కట్టిన మెట్ల పొలాలు. ఒక్కొక్క మెట్టు కట్టడం తాతలు మొదలుపెడితే మనవలు ముగించారట. "రాయి తీస్తే మట్టి దొరుకుతది. ఆ రాయితోనే మట్టిని ఆపాలె," అనేవాడు. అక్కడ గోధుమ, బార్లీ, జొన్న, శనగ, నువ్వులు పండేవి. పైన అంతా జైతూన్.

ఊళ్ళో నాలుగు వంశాలు. ఊట నీళ్ళకు నాలుగు వంశాలకూ వంతులు. పగలైతే నీడను చూసి, రాత్రయితే చుక్కను చూసి మడవ మార్చేవారు. మా దగ్గర చెరువు కింద నీరటికాడు చేసిన పనే. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. "ఇల్లు ఎవడన్న కట్టుకోవచ్చు. నీళ్ళ వంతు తెలిసినోడే ఊరోడు."

పడమటి వైపు గాలికి కళ్ళం. ఊరి మధ్యలో రాతి గానుగ, దాన్ని తిప్పే గాడిద. ప్రతి వంశానికీ అతిథుల కోసం ఒక చావడి. కాఫీ గింజలు రోట్లో దంచే చప్పుడు ఒక్కో చావడిది ఒక్కో దరువుగా ఉండేదట. ఆ చప్పుడు విని, ఫలానా వారికి చుట్టాలు వచ్చారని ఊరంతా తెలుసుకునేవారు. ఆయన ఇటుక మీద రాయితో కొట్టి నాలుగు దరువులూ వినిపించాడు. తమ చావడి దరువు రెండుసార్లు వినిపించాడు.

ఊరి చివర ఒక దర్గా, దాని మీదికి వాలిన సింధూరం జాతి చెట్టు, ఓక్ అంటారే అది. పొలాల చుట్టూ నాగజెముడు కంచె. దాన్ని వాళ్ళు సబర్ అంటారు. "సబర్ అంటే మాకు ఓపిక," అన్నాను. "మాకూ గదే," అన్నాడు. ఇప్పుడు అక్కడ ఇళ్ళ జాడ లేదు, అడవి చెట్లు నాటారు. నాగజెముడు మాత్రం నరికినచోటల్లా మళ్ళీ పాత కంచెల వరసలోనే లేస్తున్నదని, చూసి వచ్చినవాళ్ళు ఎవరో ఆయనకు చెప్పారట.

నాకు పొరపాట్లూ పడ్డాయి. వాళ్ళ తాత ఉస్మానీ పనిలో ఉండేవాడని చెబితే, "ఓ, ఉస్మానియా దవాఖానలనా?" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి అవునన్నాడు, పాపం. తర్వాత మావాడు చెప్పాడు, ఉస్మానీ అంటే టర్కీ సుల్తానుల రాజ్యమని. తాత వాళ్ళ సైన్యంలో పనిచేశాడు. సుల్తానులు పోయి ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. ఎవరు వచ్చినా పన్ను కట్టింది ఆ మెట్ల పొలాలే.

తర్వాత యుద్ధం వచ్చిన ఏడు, నలభై ఎనిమిది. కోతకు వచ్చిన గోధుమ పొలంలో నిలిచి ఉంది. అమ్మ పిండి కలిపి, పులియడానికి గుడ్డ కప్పి పెట్టింది. తుపాకులు దగ్గరికి వచ్చాయి. నాలుగు రోజుల్లో తిరిగి వస్తామనుకుని గుట్టలు దాటారు. ఆ ఏడే మేము కూడా రజాకార్ల గొడవల్లో మూటలు కట్టుకుని ఊరు విడిచి గుట్టల్లోకి పోయాం. నేను అప్పటికి మీసం రాని వయసు. కొన్నాళ్ళకు తిరిగి వచ్చాం. కుండలు, గొడ్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. వాళ్ళు తిరిగి రాలేదు. ఆయన తండ్రి పోయేదాకా ఇంటి గురించి ఒక్క మాట అనలేదట. గోధుమ గురించే అనేవాడట. నిలిచిన పైరు వదిలి రావడం ఏమిటో ఆయన నాకు వివరించలేదు, నేను అడగలేదు.

మావాడు మడి పక్కన నిచ్చెన వేసుకుని మట్టి ఊరిని ఫోటో తీశాడు. నన్ను కూర్చోబెట్టుకుని సంగతులన్నీ ఇంగ్లీషులో రాసుకున్నాడు. "జైతూన్ ఎప్పుడు ఏరుతరట నాయినా?" అని అడిగాడు.

"ఖరీఫ్‌ల."

"ఖరీఫ్ అంటే?"

"జూన్ బిడ్డా. వానలు పడ్డంక."

నాకు అనుమానమే రాలేదు. ఖరీఫ్ అంటే మృగశిర, మృగశిర అంటే జూన్. పైగా అంతకుముందు జూన్‌లో ఆయన తన పెరట్లో జైతూన్ ఏరుతుంటే నేను కళ్ళారా చూశాను. సన్నగా వాన పడుతుంటే గొడుగు పట్టింది నేనే. మావాడు అట్లాగే రాశాడు. ఆ ఊరి జనం జూన్ నెల వానల్లో జైతూన్ ఏరతారని పేజీలో ఎక్కింది. కూతురు డ్యూటీల మధ్య పైపైన చదివి బాగుందన్నది. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. ఫోటో చూసి తల ఊపాడు.

చలికాలం గడిచింది. ఎవరూ రాయలేదు. ఆయన రోజూ కంచె దగ్గర మావాడిని, "ఖబర్?" అని అడిగేవాడు. మావాడు తల అడ్డంగా ఊపేవాడు. కొన్నాళ్ళకు మావాడు పెరట్లోకి రావడమే తగ్గించాడు.

ఒక శనివారం మావాడు కంప్యూటర్ గదిలోంచి పిలిచాడు. మొహం పాలిపోయి ఉంది. జోర్డాన్ దేశంలో అమ్మాన్ నుంచి ఈ-మెయిలు. ఎవరో కొడుకు తండ్రి తరఫున రాశాడు. మావాడు తెలుగులో చెప్పాడు. "మీరెవరో మాకు తెలియదు. మా నాన్నది ఐన్ జరీఫా. ఆయన ఇది అడగమన్నాడు: జూన్‌లో, అదీ వానలో జైతూన్ ఏరతారని రాసిన గాడిద ఎవడు? మా దేశంలో జూన్‌లో చుక్క వాన పడదు. అప్పటికి కాయ శనగ గింజంత. మా ఊరి గురించి తెలియనివాళ్ళు నోరు మూసుకుని ఉండండి."

"నాయినా, నువ్వే చెప్పినవు కద?"

"నేను కండ్లతోని చూసిన కద బిడ్డా. గొడుగు పట్టిన."

ఇద్దరం తలలు వంచుకుని పక్కింటికి పోయాం. కూతురు చదివి తండ్రికి అరబ్బీలో చెప్పింది. ఆయన విన్నాడు. గాడిద అన్నచోట కనుబొమలు లేచాయి. తర్వాత మోకాలి మీద చరుచుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతకూ ఆగలేదు. కళ్ళ నీళ్ళు మీసంలోకి కారాయి. మావాడు తప్పయింది అంకుల్ అంటే, చెయ్యి అడ్డం పెట్టాడు.

"తప్పు గాదు. వాని కోపం జూడు! పుస్తకాలు చదివినోనికి ఇంత కోపం రాదు. వీడు మా ఊరోడే."

అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఖరీఫ్ ఎండాకాలం వెళ్ళాక వచ్చేది. తొలి వాన జైతూన్ మీది దుమ్ము కడిగాక, అక్టోబరు నవంబరులో ఏరతారు. రబీ అంటే వాళ్ళకు బాదం చెట్లు పూసే కాలం. నాకేమో ఖరీఫ్ విత్తనాలు, రబీ చలి పంట. మాట ఒకటే, కాలాలు వేరు. ఇక కాలాలు తలకిందులైన ఈ దేశంలో ఆకురాలు కాలం ఏప్రిల్‌లో వస్తుంది, జైతూన్ జూన్ దాకా చెట్టు మీదే ఉంటుంది.

"ఈడ నీ ఖరీఫూ తప్పే, నా ఖరీఫూ తప్పే," అని మళ్ళీ నవ్వాడు.

ఆ సాయంత్రమే ఫోన్ కార్డు కొనుక్కొచ్చి అమ్మాన్‌కు కలిపారు. మేమందరం చుట్టూ కూర్చున్నాం. అవతల గొంతు ముసలిది, గట్టిది. కూతురు మావాడికి, మావాడు నాకు చెప్పుకుంటూ వచ్చారు.

"ఎవరి కొడుకువు?" అని అవతలాయన అడిగాడు. ఈయన తండ్రి పేరు చెప్పాడు.

"పేరు ఎవడన్న చెప్తడు. మీ నీళ్ళ వంతు చెప్పు."

పక్కింటి ఆయన లేచి నిలబడ్డాడు. బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు, చేతులు కట్టుకుని చెప్పాడు. గానుగవాళ్ళ వంతు అయ్యాక, కిందివాడ వంతుకు ముందు, దర్గా నీడ పెద్ద బండను తాకిన కాన్నుంచి మేకలు ఇల్లు చేరేదాకా.

 కార్డులో డబ్బులు అయిపోయాయేమో అనుకున్నాం. తర్వాత ఆ ముసలి గొంతు వచ్చింది.

"గానుగ గాడిద తంతే పన్ను ఊడిన పిల్లగానివా నువ్వు?"

మా పక్కింటి ఆయన నోరు తెరిచి, ఆ పన్ను ఉండాల్సిన చోట వేలు పెట్టి చూపించాడు, ఫోనుకు కనిపిస్తుందన్నట్టు.

ఫోను పెట్టేశాక నా భుజం మీద చెయ్యి వేశాడు. "యా అఖీ, ఇన్నేండ్లకు నన్ను ఒకడు పిల్లగాడా అన్నడు," అన్నాడు. ఆ మనిషి కోరినది అది ఒక్కటే. దొరికింది. నాకు ఆయన పోయినందుకు దుఃఖం ఉంది గాని, ఆయన గురించి బెంగ లేదు.

ఆ తర్వాత ప్రతి శనివారం ఫోను. ఆ ఇద్దరూ ప్రేమగా మాట్లాడుకున్నారని అనుకోకండి. ఊట పక్కన మల్బరీ చెట్టు ఉండేదట. దాని పండు నల్లదా తెల్లదా అని నెలల తరబడి కొట్లాట. మా గోడ దాకా వినిపించేది. మా ఇంటామె, "లేని చెట్టుకు ఇంత లొల్లా!" అనేది. మావాడు పటంలో ఇళ్ళు జరిపి, పేర్లు చేర్చి, చావడి తూర్పున పెట్టి మళ్ళీ పడమట పెట్టాడు. అన్నీ దిద్దాడు గాని జూన్ వాన మాట మాత్రం దిద్దలేదు. దిద్దబోతే పక్కింటి ఆయనే ఆపాడు.

"ఉండనియ్యి. సక్కగ రాస్తే ఎవడు పలుకుతడు? చదివి ఊకుంటడు. తప్పు ఉంటే ఇంకో కోపిష్టోడు దొరుకుతడు. మా ఊరోళ్ళకు కోపం జాస్తి."

ఆయనను మట్టి చేసేటప్పుడు నేను వెనకాల నిలబడ్డాను. వరసలో నా వంతు వచ్చినప్పుడు పిడికెడు మట్టి వేశాను. ఎవరో పెద్దమనిషి నేను ఏమవుతానని అడిగాడు.  ఆయన కూతురే, "జార్," అని చెప్పింది. పొరుగువాడు అని. ఆ పెద్దమనిషి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

అమ్మాన్‌కు కబురు కూతురే చెప్పింది.  అక్కడి పెద్దాయన, "ఇగ మల్బరీ సంగతి ఎవనితోని కొట్లాడాలె?" అన్నాడట. మళ్ళీ కాసేపటికి, వాళ్ళ చెట్టు ఏరడం అయిందా అని అడిగాడట. ఇంకా లేదు, జూన్‌లో ఏరతామని చెప్పింది. "జూన్‌లోనా?" అన్నాడట. "వానలోనా?" అన్నాడట.

పోయిన శనివారం ఏరాం. సన్నగా వాన పడుతూనే ఉంది. కూతురు కింద దుప్పటి పరిచింది. మావాడు తీగ లేని ఫోను చెట్టు కింద పట్టుకున్నాడు, అమ్మాన్ పెద్దాయన అట్లా పట్టమన్నాడు. నేను కొమ్మ ఊపాను. తడిసిన కాయలు టపటపా దుప్పటి మీద రాలాయి. ఫోనులోంచి ఏమీ వినబడలేదు. సరిపోయిందేమో అని మావాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకోబోయాడు. "ఇంకా," అన్నాడట అవతలాయన. నేను ఇంకో కొమ్మ పట్టుకున్నాను.

పటంలో కిందివాడ ఇళ్ళకు ఇంకా పేర్లు లేవు. అమ్మాన్ పెద్దాయనకు ఆ వాడ అంతగా గుర్తు లేదు. మీలో చాలామంది పెద్ద ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, యూనివర్సిటీల్లో పనిచేస్తారు. పక్క సీట్లో, పక్క వీధిలో అరబ్బీ మాట్లాడేవారు ఉంటే, మీ పెద్దలది ఐన్ జరీఫా అవునా అని ఒక్కమాట అడగండి. అవునంటే, అక్కడ జూన్ వానలో జైతూన్ ఏరేవారట కదా అనండి. తిడితే సంతోషించి, పేరూ ఊరూ రాసుకుని పత్రికకు పంపండి. ఆలస్యం చెయ్యకుండా త్వరగా జవాబు రాయండి. అమ్మాన్ పెద్దాయన నాకన్నా చాలా పెద్ద. ఫోను ఉన్న గదిలోకే మంచం వేయించుకున్నాడట.